మంచు నెల పేరున్న ఊరు

నవంబరు పొద్దుల్లో థేమ్స్ ఒడ్డున గడ్డిపరకల మీద మంచు గడ్డకట్టి తెల్లగా మెరుస్తుంటుంది. మాది ఒంటారియోలోని లండన్. ఇక్కడి నది పేరు కూడా థేమ్సే. ఆ తెలుపు కంటపడితే చాలు, నాకు ‘వన్ పీస్’ కథలోని ఖడ్గవీరుడు జోరో ఊరు గుర్తొస్తుంది. దాని పేరు షిమోత్సుకి. జపాను పాత పంచాంగంలో పదకొండో నెలకు ఆ పేరు. మంచు నెల అని అర్థం. జోరో పుట్టినరోజు కూడా నవంబరు 11.

ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన ‘వన్ పీస్’ మాంగా వెయ్యి అధ్యాయాలు ఎప్పుడో దాటింది. అంతటి కథాసముద్రంలో ఈ ఊరు కనిపించేది కాసేపే. అనిమేలో 19వ భాగం చూడండి. ఒక దోజో, అంటే మన సాము గరిడీ. గురువు కోషిరో, ఆయన కూతురు కుయినా. ఆ పిల్ల చేతిలో జోరో 2,000 సార్లు ఓడాడు. 2,001వ పోరు రాత్రివేళ, అసలు కత్తులతో. అందులోనూ ఓడాడు.

వెన్నెలను మన ఆలంకారికులు శృంగారానికి ఉద్దీపన విభావమన్నారు. ఇక్కడ అదే వెన్నెల్లో గెలిచిన పిల్ల ఏడుస్తుంది. ఆడపిల్ల లోకంలోకెల్లా మేటి ఖడ్గవీరురాలు కాజాలదని కన్నతండ్రే అన్నాడట. ఓడినవాడికి జాలి కలగదు, కోపం వస్తుంది. రేపు నేను గెలిస్తే, నువ్వు ఆడపిల్లవు కాబట్టే గెలిచానంటావా, మరి నా సాధన ఏమైనట్టు అని నిలదీస్తాడు. వీరరసం ఇంత నిర్మలంగా ఓటమిలోంచి పుట్టడం నేను మరెక్కడా చూడలేదు. ఇద్దరిలో ఒకరం ప్రపంచంలో మేటి అవుదామని మాటిచ్చుకుంటారు.

మర్నాడు కబురు. కుయినా మెట్ల మీంచి పడి చనిపోయింది. పగవాడు లేడు, యుద్ధం లేదు, కత్తి కూడా లేదు. మెట్లు, అంతే. ఖడ్గవీరుడి కథకు పునాదిగా ఇలాంటి చావును ఎంచుకున్న ఓడా రసజ్ఞతకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. జోరో ఆమె తెల్ల కత్తి వాదో ఇచిమోంజిని అడిగి తీసుకుంటాడు. తర్వాత మూడు కత్తులతో పోరాడినప్పుడల్లా నోట కరిచి పట్టేది దాన్నే. దుఃఖాన్ని పంటి బిగువున ఆపుకోవడమంటాం కదా, ఆ మాటకు ఇంతకన్నా మంచి బొమ్మ ఎవరు గీయగలరు!

2019లో వచ్చిన అధ్యాయాలు ఈ ఊరిని నాకు మళ్ళీ కొత్తగా చూపించాయి. ఆ కత్తిని చేసినవాడు షిమోత్సుకి కొజాబురో, కుయినా తాత. తలుపులు మూసుకున్న వానో దేశం నుంచి సముద్రం మీద దొంగచాటుగా వచ్చేశాడు. తెలియని తీరంలో గరిడీ పెట్టాడు. ఆ ఊరికి అతని ఇంటిపేరే మిగిలింది. అంటే ఇన్నేళ్ళూ అచ్చమైన జపాను పల్లె అనుకుని చూసింది ఒక వలసవాడి జ్ఞాపకాన్ని! అప్పటినుంచి ఆ గరిడీ చూస్తే గొంతు పట్టేస్తుంది. మా ఊరి సంగతీ అంతే. దెష్కాన్ జీబి అని, కొమ్ముల నది అని అనిషినాబే ప్రజలు పిలుచుకునే ఈ నీటికి థేమ్స్ అని పేరు పెట్టినవాళ్ళు కూడా వదిలొచ్చిన నదినే తలుచుకుని ఉంటారు.

కొజాబురో చేసిన మరో కత్తి ఎన్మా. అది వానోలోనే ఉండిపోయింది. ఏళ్ళ తర్వాత జోరో అక్కడ అడుగుపెట్టి దాన్ని అందుకుంటాడు. విడిచొచ్చిన దేశంలో మిగిలిన కత్తి, వెళ్ళిపోయిన మనవరాలి కత్తి, రెండూ ఆ మంచు నెల ఊరి కుర్రాడి నడుముకు పక్కపక్కన వేలాడతాయి.