బిల్లీ ద కిడ్: కెమెరా ఏ మట్టంలో ఉంది?

ఒక వ్యక్తి జీవితాన్ని చిత్రించే డాక్యుమెంటరీని చూసినప్పుడు చాలామంది మొదట అడిగే ప్రశ్న "ఇదంతా నిజమేనా?" అని. విమర్శకుడికి ఆ ప్రశ్న సరిపోదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తూనే ఒక మనిషిని నలుగురిలో చిన్నబుచ్చవచ్చు. కాబట్టి ఈ భాగంలో మరో ప్రశ్న వేసుకుందాం. కెమెరా ఆ మనిషి పక్కన కూర్చుందా, లేక ఎదురుగా నిలబడి తమాషా చూస్తోందా? ఇందుకు మనం తీసుకుంటున్న ఉదాహరణ 2007లో అమెరికాలో వచ్చిన 'బిల్లీ ద కిడ్'. దర్శకురాలు జెన్నిఫర్ వెండిట్టి. పేరు చూసి పాత కౌబాయ్ సినిమా అనుకోకండి. ఇందులో గుర్రాలూ తుపాకులూ ఉండవు.

సినిమాలకు నటీనటులను ఎంపిక చేయడం వెండిట్టి వృత్తి. దర్శకురాలిగా ఇది ఆమెకు మొదటి చిత్రం. ఒక లఘుచిత్రంలో నటించడానికి స్థానిక పిల్లలను వెతుక్కుంటూ మెయిన్ రాష్ట్రంలోని ఒక హైస్కూల్‌కు వెళ్లినప్పుడు బిల్లీ ఆమె కంటబడ్డాడు. అప్పుడతనికి 15 ఏళ్లు. తోటి పిల్లల్లో కలవడు. కిస్ అనే రాక్ బృందం అంటే ప్రాణం. మాట్లాడితే సగం సినిమా సంభాషణలా, సగం పెద్దమనిషి ఉపన్యాసంలా ఉంటుంది. తన బుర్ర పనిచేసే తీరు వేరు, అంతకు మించి ఏమీ లేదని తన గురించి తానే చెప్పుకుంటాడు. చిత్రంలో వ్యాఖ్యాత లేడు. నిపుణులు వచ్చి వివరించరు. ఆ ఇంట్లో ఒకప్పుడు కన్నతండ్రి వల్ల పడిన బాధలు కూడా తల్లి మాటల్లోంచి, పిల్లవాడి మాటల్లోంచి కొద్దికొద్దిగా మనకు తెలుస్తాయి.

ఇటువంటి చిత్రాన్ని కొలవడానికి కొలబద్ద కోసం మనం దూరం వెళ్లనక్కర్లేదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని తమ పంటల గురించి, విత్తనాల గురించి తామే చిత్రాలు తీశారు. కంటి మట్టంలో తీసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే మట్టంలో కూర్చుని మాట్లాడుకుంటారు కదా, అందుకని. సినిమా పాఠ్యపుస్తకాల్లోని పరిభాష కన్నా ఈ మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే ఇది కెమెరా ఎత్తునే కాదు, తీసేవాళ్లకూ తీయబడేవాళ్లకూ మధ్య ఉన్న సంబంధాన్ని కూడా చెబుతుంది.

ఈ కొలబద్దతో చూస్తే 'బిల్లీ ద కిడ్'లో ఎక్కువ భాగం సంఘం షాటే. బిల్లీ మాట్లాడుతున్నప్పుడు కెమెరాకు తొందర ఉండదు. అతను ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు దూకినా, మధ్యలో ఆగినా, ఆ మాట పూర్తయ్యేదాకా వేచి ఉంటుంది. అతని మాటకు మనకు నవ్వు వస్తుంది, అది దాచుకోనక్కర్లేదు. కానీ దృశ్యం ఎక్కడ తెగుతుందో గమనించండి. నవ్వు వచ్చిన చోటే కత్తిరిస్తే అతను ఒక హాస్యపాత్రగా మిగిలేవాడు. చాలాచోట్ల ఆ నవ్వు తర్వాత కూడా దృశ్యం సాగుతుంది. అప్పుడు ఆ మాట వెనకున్న ఒంటరితనమో తెలివో బయటపడుతుంది. ఈ చిత్రంలో కూర్పు చేసిన మంచిపని ఇదే.

ఒక ఘట్టంలో మాత్రం నాకు అనుమానం తీరలేదు. ఊళ్లోని చిన్న హోటల్లో వడ్డించే అమ్మాయి మీద బిల్లీ మనసు పడతాడు. తడబడుతూనే వెళ్లి చెబుతాడు. కొద్దిరోజుల స్నేహం, ఆ తర్వాత అమ్మాయి వద్దనుకోవడం. చిత్రానికి గుండెకాయ లాంటి భాగం ఇది. నచ్చినవాళ్లంతా దీన్నే తలచుకుంటారు. అయితే ఒక కెమెరా వెంటబడి వస్తుంటే 15 ఏళ్ల పిల్లవాడు తన మామూలు రోజునే బతుకుతాడా? ఆ అమ్మాయి మాట మాత్రం కెమెరా లేనప్పటి మాటలాగే ఉంటుందా? చూసేవాళ్లున్నారన్న సంగతి ఆ సాయంత్రాన్ని ఎంతో కొంత మార్చే ఉంటుంది. చిత్రం ఆ సంగతిని ఒప్పుకోదు, తాను అక్కడ లేనట్టే ఉంటుంది. ఇక్కడ సంఘం షాట్ తప్పిందని నా అభిప్రాయం. సంఘంలో కూర్చున్నవాళ్లు కనబడకుండా కూర్చోరు.

ఇంకో చర్చ ఉంది. చిత్రీకరణ అయ్యాక బిల్లీకి ఆస్పర్గర్ సిండ్రోమ్ ఉన్నట్టు నిర్ధారణ అయింది. చిత్రంలో ఆ మాట లేదు. ప్రేక్షకుడికి చెప్పి ఉండాల్సిందని కొందరి వాదన. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. పేరు తెలిస్తేనే సర్టిఫికెట్ వస్తుంది, పరీక్షల్లో వెసులుబాటు వస్తుంది. పేరు తెలియక "తిక్కోడు", "మెంటలోడు" అనిపించుకుంటూ బడి మానేసిన పిల్లలకు ఆ పేరు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఈ చిత్రం విషయంలో దర్శకురాలి వైపే నేను మొగ్గుతాను. మొదటి నిమిషంలోనే వ్యాధి పేరు వినబడి ఉంటే, ఆ తర్వాత బిల్లీ అన్న ప్రతి మాటనూ మనం లక్షణాల జాబితాలో వేసుకునేవాళ్లం. షూటింగ్ నాటికి తల్లికీ ఆ పేరు తెలియదు. ఆమె తన కొడుకును ఏ పేరూ లేకుండా ఎలా చూసిందో మనమూ అలాగే చూస్తాం.

సాహిత్యం చదివే మీకు ఇక్కడ నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గుర్తుకు రావాలి. చిత్తూరు పల్లెలో తన చిన్నతనాన్ని ఆయన 'పచ్చనాకు సాక్షిగా'లో ఆ సీమ మాటలోనే చెప్పుకున్నారు. అందులో పిల్లవాడి అవమానాలున్నాయి, నవ్వులున్నాయి. కానీ ఏది చెప్పాలో ఏది మింగాలో నిర్ణయించింది పెద్దవాడైన ఆ పిల్లవాడే. బిల్లీకి ఆ వీలు లేదు. 2007లో సౌత్ బై సౌత్‌వెస్ట్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీగా జ్యూరీ బహుమతి పొందిన చిత్రంలో అతను ఎప్పటికీ 15 ఏళ్ల దగ్గరే ఆగిపోయాడు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. గూడూరు లాంటి ఒక ఊరిని ఊహించుకోండి. చెన్నై నుంచి వచ్చే రైలుదారి విజయవాడ వైపు, రేణిగుంట వైపు చీలే జంక్షన్ అది. స్టేషన్లో రోజూ సాయంత్రం ఒక పిల్లవాడు కూర్చుని వచ్చే పోయే బండ్ల నంబర్లు గడగడా చెబుతుంటాడు. నిమ్మకాయల మార్కెట్‌కు లోడెత్తే హమాలీల నుంచి టీ కొట్టు ఆయన దాకా అందరూ అతన్ని ఆటపట్టిస్తారు. అతని మీద పది నిమిషాల చిత్రం మీరు తీస్తున్నారనుకోండి. అది ఆ రాత్రికే ఊరందరి ఫోన్లలో ఉంటుంది, మర్నాడు అతను మళ్లీ అదే ప్లాట్‌ఫారం మీదికి వస్తాడు. ఎవరి అనుమతి అడుగుతారు, అతనిదా, తల్లిదండ్రులదా? ఆటపట్టించే దృశ్యాన్ని ఉంచుతారా, తీసేస్తారా? ఉంచితే ఎక్కడ కత్తిరిస్తారు? తీసిన చిత్రాన్ని అందరికన్నా ముందు ఎవరికి చూపిస్తారు? మీ నిర్ణయాలను, వాటికి కారణాలను రెండు పేజీల్లో రాసి, వాటితో 'బిల్లీ ద కిడ్'లోని హోటల్ ఘట్టాన్ని పోల్చండి.