ఎరుక, కార్తె, టారో: జోస్యం నుంచి ఆత్మపరిశీలనకు

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ప్రాంతంలో, సాక్చి అనే గ్రామం వద్ద 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణం మొదలైంది. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు తయారైంది. ఆ సంవత్సరమే కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. 1919లో ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పొలం పనులకు అలవాటుపడి, ఉత్తరాంధ్ర నుంచి ఆ పట్టణానికి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలకు కాలగణన విధానమే మారిపోయింది. కార్తెలను బట్టి సాగిన పని షిఫ్టులను బట్టి సాగవలసి వచ్చింది. కొలిమి ఆరకుండా మండవలసిందే కనుక, వర్జ్యమైనా రాహుకాలమైనా డ్యూటీకి హాజరు కాక తప్పదు. అయినా ఆ కుటుంబాలు పంచాంగాన్ని విడిచిపెట్టలేదు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వంటి ఆలయాలు స్వస్థలానికి దూరమైన తెలుగువారికి తిథులను, పండుగలను గుర్తుచేసే కేంద్రాలయ్యాయి. పని వేళను నిర్ణయించే అధికారం కోల్పోయిన పంచాంగం ఆ ఇళ్ళలో ఏ ప్రయోజనంతో నిలిచింది?

ఈ ప్రశ్నకు నేడు మరొక కారణంగా ప్రాధాన్యం వచ్చింది. దేశంలోని ఇతర నగరాలలో వలెనే అక్కడి విద్యావంతులైన యువతకు కూడా టారో కార్డులు, పాశ్చాత్య రాశిచక్రాన్ని అనుసరించిన ‘మేషకాలం’, ‘సింహకాలం’ వంటి విభజనలు పరిచయమయ్యాయి. వీటిని జరగబోయేది తెలుసుకోవడానికి కాక, తమ మనఃస్థితిని పరిశీలించుకోవడానికి ఉపయోగిస్తున్నామని చెప్పేవారు అనేకులు. పెద్దలు దీనిని విదేశీ వ్యామోహమంటారు. హేతువాదులు పాత మూఢనమ్మకానికి కొత్త వేషమంటారు. రెండు అభిప్రాయాలలోనూ కొంత సత్యం లేకపోలేదు. కాని తెలుగు సంప్రదాయంలో ఇందుకు సమానమైనది ఏముందో పరిశీలించకుండా చేసే తీర్పు అసమగ్రంగానే మిగులుతుంది.

టారో మొదట జోస్యం కాదు, పేకాట. పదిహేనవ శతాబ్దిలో ఉత్తర ఇటలీలో ప్రభువుల వినోదం కోసం ఆ కార్డులు రూపొందాయి. 78 కార్డుల ఆ కట్టకు ప్రాచీన ఈజిప్టు విజ్ఞానమనే గౌరవాన్ని అంటగట్టినది 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి రచయిత. ఆ ఊహకు ఆధారమేమీ లేదని చరిత్రకారులు తేల్చారు. నేడు ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న బొమ్మలు 1909లో లండన్‌లో ఎ. ఇ. వెయిట్ సూచనల మేరకు పమేలా కోల్‌మన్ స్మిత్ గీసినవి. ఇంత కల్పిత చరిత్ర వెనుక ఉన్నప్పటికీ సాహిత్యం టారోను స్వీకరించింది. టి. ఎస్. ఎలియట్ 1922 నాటి ‘వేస్ట్ లాండ్’లో వాటిని వాడుకుని, ఆ కార్డుల అసలు వివరాలు తనకు అంతగా తెలియవని స్వయంగా ఒప్పుకున్నాడు. ఇటాలో కాల్వినో 1973 నాటి తన కథనంలో, మాట కోల్పోయిన ప్రయాణికులు కొందరు టారో కార్డులను బల్లపై పేర్చి తమ జీవితకథలను చెప్పుకున్నట్టు చిత్రించాడు. ఇద్దరిలో ఎవరికీ కార్డు భవిష్యత్తును తెలిపే సాధనం కాదు; అది చెప్పుకోలేని అనుభవానికి దొరికిన భాష.

తెలుగువారికి బొమ్మల చీట్లతో జోస్యం చెప్పించుకోవడం కొత్త కాదు. చిలక జోస్యంలో వరుసగా పేర్చిన చీట్లనుంచి చిలుక ఒకటి తీస్తుంది. అందులో రాముడి పట్టాభిషేకమో, సీత అశోకవనంలో ఉన్న ఘట్టమో కనబడుతుంది. జోస్యుడు ఆ కథను అడిగినవారి కష్టానికి అన్వయిస్తాడు. పరిశీలించి చూస్తే టారో ప్రక్రియ కూడా ఇదే: యాదృచ్ఛికంగా వచ్చిన ఒక బొమ్మ, దాని వెనుక అందరికీ తెలిసిన కథ, ఆ కథను ఒక వ్యక్తికి అన్వయించే మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం కారణంగా చిలుకను బంధించి ఉంచడం నేడు నేరం. ఆ ఆంక్ష సమంజసమే. అయితే అరుగు దగ్గర వినిపించిన ఆ జోస్యాన్ని చులకనగా చూసిన చదువుకున్న వర్గమే దానికి సమానమైన ప్రక్రియను ఇంగ్లీషులో గౌరవించడం గమనించదగ్గ విషయం.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఇరుగుపొరుగు భాష హిందీ. ఆ భాషలోనూ ఇటువంటి సంప్రదాయముంది. తులసీదాసు రచించిన ‘రామాజ్ఞా ప్రశ్న’ శకునం చూసుకోవడానికి ఉద్దేశించిన కావ్యం. ఏడు సర్గలు, సర్గకు ఏడు సప్తకాలు, సప్తకానికి ఏడు దోహాల లెక్కన 343 దోహాలుగా దానిని కూర్చారు. ‘రామచరితమానస్’ ప్రతులలో కనిపించే రామశలాకలో 225 గడులుంటాయి. కళ్ళు మూసుకుని ఒక గడిపై వేలు పెడితే, అక్కడినుంచి ప్రతి తొమ్మిదవ అక్షరాన్నీ కలుపుకుంటూ పోగా ఒక చౌపాయి ఏర్పడుతుంది. సందేహంలో ఉన్న మనిషిని కావ్యం దగ్గరకు తీసుకురావడం దీని ఫలితం. జవాబు నిజమైనా కాకపోయినా పద్యం చదివించడమనే ప్రయోజనం నెరవేరుతుంది.

తెలుగు సాహిత్యంలో ఈ భావనకు సరయిన పేరు ‘ఎరుక’. జోస్యానికీ జ్ఞానానికీ ఒకే మాట ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. కొరవంజి రచనలలో, యక్షగానాలలో ఎరుకలసాని తప్పనిసరి పాత్ర. శ్రీనివాస కల్యాణ కథలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వచ్చి ధరణీదేవికి సోది చెబుతాడు. కుమార్తెను బాధిస్తున్నది రోగం కాదు, అనురాగమని తెలియజేస్తాడు. ఇక్కడ చెప్పినది పూర్తిగా భవిష్యత్తు కాదు. పద్మావతి మనసులో అప్పటికే ఉన్నదీ, తల్లి గుర్తించలేకపోయినదీ బయటపడింది. పైగా చెప్పినవాడు నిష్పక్షపాతి కాదు. ఆ వివాహం కోరుతున్నవాడే. సోది చెప్పేవారికి తమ కోరిక కూడా ఉంటుందన్న హెచ్చరిక ఆ కథలోనే దాగి ఉంది. ఎరుక లోని శక్తినీ ప్రమాదాన్నీ ఒకే ఘట్టంలో చూపడం ఆ కథలోని విశేషం.

ఇక రాశికాలాల విషయం. పాశ్చాత్య పద్ధతిలో మేషం మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది. మన పంచాంగంలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. ఒకే రోజున ఒకే మనిషి రెండు పద్ధతులలో రెండు రాశికాలాలలో ఉండవచ్చు. ఇంతకంటె సూక్ష్మమైన విభజన తెలుగు రైతుకు ఉండేది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. ఏడాదికి ఇరవై ఏడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న నానుడి మే నెలాఖరు ఎండను చెబుతుంది. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే మృగశిర తొలకరిని గుర్తుచేస్తుంది. కార్తె రైతును ‘నీకేమి జరుగుతుంది?’ అని అడగదు. ‘నీవు సిద్ధంగా ఉన్నావా?’ అని అడుగుతుంది. విత్తనం, నాగలి, చేతిలో డబ్బు, ఇంట్లో గింజలు అన్నింటినీ సరిచూసుకోమంటుంది. ఆత్మపరిశీలన అనే మాట వాడకపోయినా అది చేసిన పని అదే.

అయితే కాలపట్టికను ప్రశ్నించరాదని ఏమీ లేదు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం, సంప్రదాయ గణనలోని సంవత్సర ప్రమాణం వల్ల మాసాలు ఋతువులనుంచి సుమారు 23 రోజులు పక్కకు జరిగాయని ఎత్తిచూపింది. ఆ సంఘం సిఫారసులను అనుసరించి 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. పంచాంగం పట్ల గౌరవం, దాని లెక్కల పట్ల విమర్శ రెండూ పొసగుతాయని ఆ కృషి నిరూపించింది.

శాస్త్రమన్న వాదన బయలుదేరిన చోటనే చిక్కు మొదలవుతుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’లో మూఢవిశ్వాసాలు ఒక కుటుంబాన్ని ఎలా కుంగదీస్తాయో చూపించారు. 1887లో వెలువడిన దాని ఇంగ్లీషు అనువాదానికి ‘ఫార్చ్యూన్స్ వీల్’ అని పేరు. టారోలో పదవ కార్డు పేరు కూడా అదృష్టచక్రమే కావడం ఆసక్తికరం. 1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు లోకం దానిని అరిష్టసూచకంగా భావించింది. అదే సంవత్సరం గురజాడ అప్పారావు ‘ముత్యాల సరాలు’లో దానిని భూమికి దూరపు చుట్టంగా, సంఘసంస్కరణకు పతాకగా చూశారు. ఆకాశంలోని గుర్తును ఆయన తిరస్కరించలేదు. భయానికి బదులు సంకల్పానికి దానిని ఆధారం చేసుకున్నారు.

విశ్వవిద్యాలయాలలో జ్యోతిష కోర్సులను ప్రవేశపెట్టాలన్న 2001 నాటి నిర్ణయాన్ని హైదరాబాదుకు చెందిన శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ న్యాయస్థానంలో సవాలు చేశారు. సుప్రీంకోర్టు 2004లో ఆ సవాలును తోసిపుచ్చింది. అది విద్యావిధానంపై ఇచ్చిన తీర్పే కాని, జ్యోతిష ఫలితాల యథార్థతకు ధ్రువపత్రం కాదు. జయంత్ నార్లికర్ బృందం 2008లో మహారాష్ట్రలో జరిపిన పరీక్ష ఈ సందర్భంలో స్మరించదగినది. ప్రతిభావంతులైన వంద మంది, మానసిక వైకల్యం గల వంద మంది పిల్లల జాతకాలను సేకరించి, ఒక్కొక్క జ్యోతిష్కుడికి 40 చొప్పున ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. సమాధానాలు పంపిన 27 మంది సగటు విజయం 46 శాతం. నాణెం ఎగురవేసినా అంతకంటె తక్కువేమీ రాదు. అంతకు ఎంతో ముందే, 1948లో, అమెరికా మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒకే వ్యక్తిత్వ వివరణను విడివిడిగా ఇచ్చాడు. ప్రతి ఒక్కరూ అది తమకోసమే రాసినదనుకుని, సగటున 5కు 4.26 మార్కులు వేశారు. రాశిఫలంలోనైనా, కార్డులోనైనా ‘ఇది నా గురించే’ అనిపించడం దాని సత్యానికి ఋజువు కాదని ఈ ప్రయోగం తేటపరిచింది.

అందువల్ల ఆత్మపరిశీలన పేరుతో టారోను సమర్థించేవారు భవిష్యవాణిని వదులుకోవడం సరయిన అడుగే. కాని మరొక లోపం మిగిలి ఉంది. ఏకాంతంలో తీసిన కార్డును తీసినవారే వ్యాఖ్యానించుకుంటే, అది తరచుగా వారి మెప్పునూ బెంగనూ మాత్రమే తిరిగి చూపుతుంది. ఎదురుమాట చెప్పేవారు అక్కడ లేరు. పంచాంగ శ్రవణం విశిష్టత ఇక్కడే తెలుస్తుంది. ఉగాది నాడు పన్నెండు రాశుల ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు సభలో అందరి ఎదుటా చదువుతారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వినగానే పక్కవారు నవ్వుతారు. ఆ నవ్వులో ఆ రాశివారూ కలుస్తారు. ఒకరి అవమానం మరొకరు వింటారు. పక్కరాశి వారి లెక్క తనకంటె కష్టంగా ఉందని గ్రహిస్తారు. ఆ అంకెలలో శాస్త్రమేమీ లేకపోవచ్చు. కాని ప్రతి జీవితంలోనూ రాబడితో పాటు పోబడి, గౌరవంతో పాటు పరాభవం ఉంటాయని ఏడాదికొకసారి నలుగురిలో ఒప్పుకునే మర్యాద అందులో ఉంది.

అరవై సంవత్సరాల చక్రం కూడా ఇటువంటిదే. 2025 ఉగాదితో విశ్వావసు, 2026 ఉగాదితో పరాభవ మొదలయ్యాయి. 1966 ఉగాది తర్వాత, అంటే గడచిన పరాభవలో పుట్టినవారికి అదే పేరుగల సంవత్సరం మళ్ళీ ఎదురవుతుంది. షష్టిపూర్తి జరుపుకునే మనిషి పుట్టిన సంవత్సరం పేరును మరల వినడం జీవితాన్ని వెనుదిరిగి చూసుకోమన్న పిలుపే. కర్మాగారంలో సర్వీసు ముగించి, స్వగ్రామానికి తిరిగి వెళ్ళాలా, పిల్లలు పెరిగిన జంషెడ్‌పూర్‌లోనే ఉండిపోవాలా అని ఆలోచించే కార్మికుడికి ఆ పిలుపు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. దానికి గ్రహాలు జవాబు చెప్పవు. ప్రశ్నను వాయిదా వేయకుండా చేయగలగడమే ఆ సందర్భం చేసే మేలు.

పంచాంగ సంప్రదాయం చేసిన హానినీ మరువరాదు. జాతకదోషం పేరుతో పెళ్ళిళ్ళు ఆగిన ఆడపిల్లలు, శాంతుల ఖర్చుకు అప్పులపాలైన కుటుంబాలు మన సమాజంలో ఉన్నారు. టారో చెప్పే వృత్తిలోనూ భయాన్ని అమ్ముకునే అవకాశం తక్కువేమీ కాదు. కనుక స్వదేశీయమా, విదేశీయమా అన్నది కొలబద్ద కాజాలదు. ఏ పద్ధతి అయినా మనిషి చేతిలోని నిర్ణయాన్ని లాక్కుంటే అది తిరస్కరించదగినది. నిర్ణయాన్ని అతని చేతికే తిరిగి ఇచ్చి, ఆ నిర్ణయం ప్రభావం పడే నలుగురినీ అతనికి గుర్తుచేస్తే అది సంస్కృతిలో భాగంగా నిలవదగినది.

ఈ కొలబద్దతో చూసినప్పుడు జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళలో పంచాంగం ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది. పనివేళ ఎలాగూ సైరన్ చేతిలో ఉంది. పంచాంగం చేతిలో మిగిలినది అందరూ ఒకచోట కూర్చుని తమ ఏడాదిని తలచుకునే ఒక ఉదయం. టారో కార్డును చేతపట్టిన మనుమరాలు వెతుకుతున్నది కూడా బహుశా అటువంటి ఉదయాన్నే. ఆమెను మందలించడానికి బదులు, ఆ కార్డు బొమ్మ పక్కన కార్తెల నానుడులనూ ఎరుకలసాని కథనూ పెట్టి చూపగలిగితే, ఆమె ఒంటరిగా వేసుకుంటున్న ప్రశ్నకు ఇంట్లోనే వినేవారు దొరుకుతారు.