నర్సమ్మ చేతులు
ఫ్లారెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ (1859)ను మా ఉంగుటూరులో కూర్చుని మళ్ళీ చదివాను. రోగం మనిషి నించి మనిషికి అంటుకుంటుందన్న వాదాన్ని ఆమె అప్పటికి నమ్మలేదు. అయినా నర్సు తరచూ చేతులు కడుక్కోవాలంది. గాలి, నీరు, మురుగుకాలవ గురించి పట్టించుకోమంది.

2020 డిసెంబరులో, కోవిడ్ భయం మధ్యే, మా జిల్లాకేంద్రం ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయారు. ఇదీ అంటురోగమేమోనని జనం హడలిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేలకముందే రోగిని పట్టుకోవలసిన చేతులు నర్సులవి. ఆ చేతులకుండే ప్రమాదం గురించి ఈ పుస్తకం చెప్పేది తక్కువ. ప్రతి స్త్రీ నర్సేనన్న ఆమె వాదం సేవను జ్ఞానంగా నిలబెట్టింది, తిరిగి ఆడతనానికే కట్టేసింది. మనమూ ‘నర్సమ్మా’ అంటాం. అమ్మ అన్నాక జీతమెంతని, గ్లౌజులున్నాయా అని అడగం కదా!