అట్ట పిరమిడ్ చాలదు

బడిలో పిరమిడ్ పాఠం అనగానే పిల్లలు అట్ట కోసి, నాలుగు త్రిభుజాలు అతికించి, పైన పసుపు రంగు పూసి తెస్తారు. ఆకారం చేతికొస్తుంది కానీ అది ఎలా లేచిందన్న ప్రశ్న రాదు. పిరమిడ్‌ను వింతగా కాక పనిగా నేర్పాలి. రాయి ఎక్కడిది, ఎవరు లాగారు, వాళ్లకు తిండి ఎవరు పెట్టారు, ఇదంతా మనకెలా తెలిసింది అన్నవే పాఠం కావాలి. దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్‌లో ఈ పాఠం మొదలుపెట్టడానికి ఈజిప్టు దాకా పోనక్కర్లేదు. ఈ దీవుల అడవుల్లో నరికిన మానులను ఏనుగులు లాగి క్రీకు ఒడ్డుకు చేర్చేవి. అక్కడ తెప్పలుగా కట్టి, 1883లో మొదలైన చాథమ్ రంపపు మిల్లుకు నీటి మీద తెచ్చేవారు. నేల మీద లాగాల్సినంతే లాగి, తక్కిన దూరాన్ని నీటికి వదిలేయడమే ఇందులోని తెలివి. ఈజిప్టు రాజు ఖుఫు పిరమిడ్ లోపలి గదులకు వాడిన గ్రానైట్ కూడా అస్వాన్ నుంచి గీజాకు దాదాపు 800 కిలోమీటర్లు నైలు నది మీదే వచ్చింది.

ఇది ఊహ కాదనడానికి ఆధారాలున్నాయి. ఎర్ర సముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో 2013లో దొరికిన పపైరస్ పత్రాల్లో మెరెర్ అనే అధికారి రాసుకున్న పని లెక్కలున్నాయి. తూరా గనుల నుంచి గీజాకు అతని బృందం పడవల్లో సున్నపురాయి చేరవేసిన వైనం వాటిలో కనిపిస్తుంది. నేల మీద లాగడానికి జెహుతీహొతెప్ అనే ఈజిప్టు అధికారి సమాధిలోని బొమ్మ సాక్ష్యం. అందులో చక్రాలు లేని జారుడు బండి మీది పెద్ద విగ్రహాన్ని వరుసలుగా మనుషులు లాగుతుంటే, ముందు నిలబడ్డ ఒకడు ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఆ బొమ్మ ఖుఫు తర్వాత ఆరేడు వందల ఏళ్ల నాటిదని పిల్లలకు చెప్పి తీరాలి. తగుమాత్రం తడిసిన ఇసుక మీద లాగడానికి సగం బలమే చాలని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో తేల్చారు. ఒక పలక, ఒక రాయి, ఒక స్ప్రింగ్ త్రాసు, సముద్రపు ఇసుక ఉంటే తరగతి గదిలోనే దీన్ని పరీక్షించవచ్చు. నీళ్లు మరీ ఎక్కువైతే పని మళ్లీ కష్టమవుతుందనీ పిల్లలే కనిపెడతారు. లెక్కల పాఠమూ ఇందులోనే ఉంది. సుమారు 23 లక్షల రాళ్లను 20 ఏళ్లలో పేర్చాలంటే రోజుకు 315 దాకా పేర్చాలి. పదిగంటల పనిదినంలో రెండు నిమిషాలకొకటి అన్నమాట.

మర్మం పోతే ఆసక్తి పోతుందని కొందరంటారు. నిజానికి గ్రహాంతరవాసులు కట్టారనగానే అడగడానికి ఏమీ మిగలదు. రాళ్లను పైకి చేర్చిన వాలుదారి ఏ ఆకారంలో ఉండేదో పండితులు ఇంకా తేల్చుకోలేదంటే మాత్రం పిల్లలు తలో ఉపాయం చెబుతారు. పిరమిడ్‌ను బానిసలే కట్టారు కదా, ఆ కష్టం దాచి నైపుణ్యాన్ని పొగడటమేమిటన్నది ఇంకా బరువైన అభ్యంతరం. గీజాలో బయటపడ్డ కూలీల ఊరు, రొట్టెల బట్టీలు, పిరమిడ్ దగ్గరే వాళ్లకు దక్కిన సమాధులు, విరిగి అతుక్కున్న ఎముకలు బానిసల కథను బలపరచవు. అలాగని వాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లనీ అనలేం. రాజు పిలిస్తే వెళ్లక తప్పని వెట్టి అందులో ఉంది. అండమాన్ పిల్లలకు ఈ తేడా అర్థం కాదనుకోవడం పొరపాటు. 1896 నుంచి 1906 దాకా ఖైదీల చేత కట్టించిన సెల్యులార్ జైలు వాళ్ల దీవిలోనే ఉంది. మన కట్టడాలుండగా ఈజిప్టు ఎందుకన్న మాటకూ జవాబు ఇక్కడే దొరుకుతుంది. గీజా దగ్గర అడగడం నేర్చిన ప్రశ్నలనే పిల్లలు సెల్యులార్ జైలు దగ్గరా, 1213 నాటి రామప్ప గుడి దగ్గరా అడగగలరు. కట్టించినవాడి పేరుతో ఆగకుండా కట్టినవాళ్ల ఆచూకీ వెతికే అలవాటు పడితే, ఆ పాఠం పరీక్ష అయ్యాకా పనికొస్తుంది.