గుర్రం కొద్దీ రౌతు

‘రౌతు కొద్దీ గుర్రం’ అంటారు మన పెద్దలు. పైన కూర్చున్నవాడి సత్తాను బట్టి కింద గుర్రం నడుస్తుందని. వికలాంగుల కోసం రూపుదిద్దుకున్న గుర్రపుస్వారీలో ఈ సామెత తలకిందులవుతుంది. అక్కడ గుర్రం నడకను బట్టి రౌతు ఒళ్ళు కుదురుకుంటుంది. మెడ నిలపలేని, నడుం నిటారుగా ఉంచలేని పిల్లను గుర్రమెక్కించేది సరదా తీర్చడానికి కాదు. ఆ నడకే మందు.

ఈ విద్యకు లోకంలో పేరు తెచ్చింది ఒక పోలియో రోగి. మన ఊళ్ళలో చంకకర్రల మీద బడికొచ్చిన పోలియో పిల్లలతో కలిసి చదువుకున్న తరం ఇంకా ఉంది. వాళ్ళకి ఈ కథ వెంటనే అర్థమవుతుంది. డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అనే గుర్రపుస్వారీ క్రీడాకారిణికి 1944లో పోలియో సోకింది. అప్పటికి ఆమె వయసు 23 ఏళ్ళు, కడుపుతో ఉంది. బిడ్డ క్షేమంగా పుట్టింది. తల్లికి మాత్రం చేతులు కదిలించడం, పాకడం, లేచి నిలబడడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మోకాళ్ళ కింద చలనం ఇక తిరిగి రాలేదు. అయినా ఆమె గుర్రమెక్కింది. ఆమె క్రీడ డ్రెసాజ్. గుర్రం చేత కొలిచినట్టు అడుగులు వేయించే పోటీ అది. అందులో రౌతు పిక్కలతో డొక్కలు నొక్కి గుర్రానికి చెప్పాల్సినవి చాలా ఉంటాయి. ఆ పిక్కలే ఆమెకు లేనట్టు. అందుకని జూబిలీ అనే తన ఆడగుర్రానికి వేరే భాష నేర్పింది: నడుం బరువు ఇటు మార్చితే ఒక మాట, వెన్ను కాస్త బిగిస్తే మరో మాట.

1952 హెల్సింకి ఒలింపిక్స్ దాకా డ్రెసాజ్‌లో సైనికాధికారులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. తలుపు తెరిచిన ఆ ఏడాదే హార్టెల్ మగవాళ్ళతో తలపడి రజతం గెలిచింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఆమెను ఒకరు పట్టుకోవాల్సిందే. స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సాంసీర్ స్వయంగా ఆసరా ఇచ్చి ఆమెను పతక వేదిక మీదికి తీసుకొచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత ఆమెకు మళ్ళీ రజతమే వచ్చింది.

ఆ తర్వాత స్వారీని చికిత్సగా వాడే పని వేగం పుంజుకుంది. నార్వేలో ఎల్సెబెత్ బోట్కెర్ అనే ఫిజియోథెరపిస్టు 1950ల్లోనే వికలాంగ పిల్లలకు స్వారీ మొదలుపెట్టింది. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో వైద్యులు, ఫిజియోథెరపిస్టులు దీన్ని చికిత్సగా మలిచారు. 1969లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ జాతీయ సంఘాలు ఏర్పడ్డాయి.

ఇంతకీ గుర్రం నడకలో ఏముంది? గుర్రం మామూలుగా నడిచేటప్పుడు నాలుగు కాళ్ళు నాలుగు వేర్వేరు దెబ్బలుగా నేలను తాకుతాయి. వెనక కాలు ఎత్తి ముందుకు వేస్తుంటే ఆ పక్క వీపు కొంచెం దిగుతుంది. పైనున్న మనిషి కటి కూడా ఆ పక్కకు దిగి, కొద్దిగా తిరిగి, ముందుకు ఒరుగుతుంది. మరుక్షణం రెండో పక్క అదే జరుగుతుంది. పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ, పక్కకీ సాగే ఈ కదలిక మనిషి తన కాళ్ళ మీద నడిచేటప్పుడు కటిలో కలిగే కదలికకు చాలా దగ్గరగా ఉంటుంది. అంటే ఒక్క అడుగు కూడా వేయని పిల్ల నడుముకు నడక ఎలా ఉంటుందో మొదటిసారి తెలుస్తుంది. నిమిషానికి సుమారు 100 అడుగుల చొప్పున 20 నిమిషాలు తిప్పితే 2000 సార్లు. ప్రతిసారీ ఒళ్ళు ఒరుగుతుంది, ప్రతిసారీ సర్దుకోవాలి. ఇన్నిసార్లు ఏ ఫిజియోథెరపిస్టు చేతులు కదిలించగలవు?

పైగా వీపు వెచ్చన. గుర్రం ఒంటి వేడి మనకంటే ఒక డిగ్రీ ఎక్కువ, 38 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి కాళ్ళు కత్తెరలా ఒకదానిమీదొకటి పడతాయి. వెడల్పాటి వెచ్చని వీపుకు అటూ ఇటూ కాళ్ళు వేలాడేసి కూర్చుని, లయగా ఊగుతుంటే ఆ బిగువు నెమ్మదిగా వదులుతుంది. అందుకే ఈ చికిత్సలో చాలాసార్లు తోలు జీను వేయరు. మెత్తటి పరుపు పరిచి, పట్టుకోవడానికి పిడులున్న పటకా బిగిస్తారు.

కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోవడమే చాలేమో, గుర్రం ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. 2003లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం నాకు నచ్చేది అందుకే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల్లో కొందరిని 8 నిమిషాలు నడిచే గుర్రం మీద, మిగిలినవాళ్ళను 8 నిమిషాలు కదలని పీపా మీద కూర్చోబెట్టారు. కూర్చోబెట్టక ముందూ, దింపాకా నడుం, తొడల కండరాల పనిని కొలిచారు. గుర్రమెక్కినవాళ్ళలో కుడి ఎడమల మధ్య తేడా తగ్గింది. పీపా ఎక్కినవాళ్ళలో అలాంటి మార్పు కనబడలేదు. పిల్లలు కొద్దిమందే, సమయమూ కొద్దే. కానీ ప్రశ్న సరైన ప్రశ్న. ఆటిజం ఉన్న 127 మంది పిల్లలతో 10 వారాలు సాగి 2015లో వెలువడిన మరో అధ్యయనంలో స్వారీ నేర్చుకున్నవాళ్ళలో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి, మాట పెరిగింది. పోలిక కోసం రెండో జట్టుకు గుర్రాల గురించి పాఠాలు చెప్పారు, గుర్రాన్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

పని జరిగే తీరు చూస్తే ఎంతమంది ఒడుపు కలవాలో తెలుస్తుంది. చక్రాల కుర్చీ నేరుగా గుర్రం వీపు ఎత్తుకు చేరేలా ర్యాంపు ఉంటుంది. ఒకరు గుర్రం పగ్గం పట్టి నడిపిస్తారు. చెరో పక్క ఒకరు పిల్లకు ఆసరాగా నడుస్తారు. నాలుగో మనిషి థెరపిస్టు. పగ్గం పట్టినవారి చూపంతా గుర్రం మీదే ఉండాలి, పిల్ల ఏడ్చినా నవ్వినా వెనక్కి తిరగకూడదు. పక్కన నడిచేవాళ్ళ పని చూడ్డానికి తేలిక, నేర్చుకోవడానికి చాలా కష్టం. పిల్ల ఒరుగుతుంటే మన చేయి ముందే లేస్తుంది, అది మన స్వభావం. కానీ ఆ చేయి తొందరపడితే పిల్ల వెన్ను చేయాల్సిన పని అదే చేసేస్తుంది. పడేదాకా వదలకూడదు, సర్దుకునే అవకాశం పోనివ్వకూడదు. ఆ అర సెకను ఓర్పులోనే చికిత్స ఉందని నాకనిపిస్తుంది. బిడ్డకు అన్నీ తామే చేసిపెట్టే అలవాటు పడ్డ అమ్మానాన్నలకు కంచె అవతల నిలబడి అది చూడడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

థెరపిస్టు మందు మోతాదు మార్చినట్టు నడక మారుస్తుంటాడు. గుండ్రంగా తిప్పితే బయటి పక్కకు ఒరుగు ఎక్కువ. పాములా మెలికలు తిప్పితే బరువు ఇటూ అటూ మారుతూ ఉండాలి. ఉన్నట్టుండి ఆపి మళ్ళీ కదిలిస్తే పొట్ట, వీపు కండరాలు ఉలిక్కిపడి పనిచేస్తాయి. పిల్లను వెనక్కి తిప్పి, గుర్రం పిరుదుల మీద చేతులు ఆనించి కూర్చోబెట్టడమూ ఉంది.

దీనికి పనికొచ్చే గుర్రం దొరకడం సులువు కాదు. నెమ్మదిగా ఉంటే చాలదు, రెండు పక్కలా సమానంగా అడుగు వేయాలి. గుర్రం కుంటితే ఆ కుంటు పిల్ల నడుముకు అంటుతుంది. చక్రాల కుర్చీ చప్పుడు, హఠాత్తుగా వచ్చే కేక, జూలును గట్టిగా గుంజే పిడికిలి, వీటన్నిటికీ అలవాటు చేయాలి. చెవులు వెనక్కి వాల్చి, తోక విదిలిస్తుంటే దానికి విసుగొచ్చిందని తెలుసుకుని లాయానికి పంపాలి. దాని ఓర్పును అరగదీసి చేసే వైద్యం వైద్యం కాదు.

స్వారీ నేర్చుకుని తానే పగ్గాలు పట్టేది మరో మెట్టు. 1996 అట్లాంటా పారాలింపిక్స్ నుంచి పారా డ్రెసాజ్ ఉంది. అందులో తీవ్ర వైకల్యం ఉన్నవారి గ్రేడ్ 1లో పోటీ అంతా నడకతోనే సాగుతుంది. చూపు లేని రౌతుల కోసం మైదానం చుట్టూ ఉన్న అక్షరాల దగ్గర మనుషులు నిలబడి ఆ అక్షరాన్ని పిలుస్తారు. రౌతు ఆ గొంతుల వైపు గుర్రాన్ని తిప్పుకుంటాడు.

ఇది చదివి పెళ్ళి ఊరేగింపు గుర్రాన్నో, సముద్రపు ఒడ్డున రౌండు తిప్పే గుర్రాన్నో మాట్లాడుకోవద్దని అమ్మానాన్నలను వేడుకుంటున్నాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది, గుర్రం నడక కుదుపు వాళ్ళ వెన్నుపాముకే ముప్పు. తుంటి జారినవాళ్ళకు, అదుపులో లేని మూర్ఛ ఉన్నవాళ్ళకు, కూర్చునే చోట పుండ్లు పడ్డవాళ్ళకు కూడా ఇది తగదు. డాక్టరు చూసి సరే అన్నాకే హెల్మెట్ పెట్టుకోవాలి.

అరగంట అయ్యాక గుర్రాన్ని ఆపి, పిల్లను మెల్లగా కిందికి జార్చుతారు. వెంటనే కుర్చీలో కూర్చోబెట్టరు. నిలబడగలిగే పిల్ల అయితే, నడుములో ఆ ఊపు చల్లారకముందే రెండు చేతులూ పట్టి నాలుగడుగులు వేయిస్తారు. ఆ నాలుగడుగులూ ఎలా పడ్డాయో థెరపిస్టు పుస్తకంలో రాసుకుంటాడు.