అంగీకార పత్రంలో అమ్మ ఎక్కడ?

ఒక కథలో తల్లి పాత్ర నోరు మెదపకపోతే మనం వెంటనే గుర్తుపడతాం. ఆమె గొంతు ఎందుకు నొక్కేశావని రచయితని నిలదీస్తాం. ఆఫీసు కాగితాల్ని మాత్రం అలా చదవం. సర్క్యులర్లు, అంగీకార పత్రాలు, విచారణ నివేదికలు కూడా ఎవరో రాసినవే. వాటిలోనూ కథ చెప్పే గొంతు వుంటుంది, పాత్రలుంటాయి, మాట దక్కని వాళ్ళుంటారు. బిడ్డ ఆరోగ్యం గురించి తల్లిదండ్రులు ఎలా తెలుసుకుంటారు, ఎలా నిర్ణయిస్తారు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ కాగితాల్ని చదవాల్సిన అవసరం వుంది. నిర్ణయం జరిగిందని చూపడానికి ప్రభుత్వం దగ్గరున్న సాక్ష్యం అవే కాబట్టి.

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వెయ్యడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ సోకకుండా కాపాడే టీకా ఇది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీ గార్డసిల్. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది పిల్లలకు వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు, మహిళా సంఘాల నిరసనల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం వున్నట్టు కనిపించడం లేదని 2011లో విచారణ సంఘం చెప్పింది. మరణాలపై సరైన దర్యాప్తే జరగలేదని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుబట్టింది.

ఆ పార్లమెంటరీ నివేదికలో రెండు అంకెలున్నాయి. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. నా పేచీ ఈ రెండు అంకెలతోనే. ఒకటి నన్ను ప్రభుత్వంతో తగాదాకి దింపుతుంది. రెండోది ప్రభుత్వాన్ని విమర్శించిన వాళ్ళతో కూడా.

ముందు వార్డెన్ సంగతి. ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ పిల్లకి ఊళ్ళో అమ్మా నాన్నా వున్నారు. పండగకి ఇంటికి వెళ్ళే పిల్లే, కబురు పెడితే వచ్చే తల్లే. అయినా పిల్లలకు టీకా వేయడానికి అనుమతి ఇవ్వమని ప్రధానోపాధ్యాయులకీ వార్డెన్లకీ సర్క్యులర్ వెళ్ళింది. వార్డెన్ ప్రభుత్వ ఉద్యోగి. పై నుంచి వచ్చిన కాగితానికి కాదనే వీలు ఆమెకు ఏమాత్రం వుంటుంది? అంటే ప్రభుత్వం అడిగింది, ప్రభుత్వమే ఒప్పుకుంది. చదువు చెప్పిస్తామని పిల్లని తీసుకున్న చెయ్యే తల్లిదండ్రుల హక్కునీ తీసేసుకుంది. మొత్తం పత్రాల్లో పదింట మూడో వంతుకు దగ్గరగా అమ్మ లేదు, నాన్న లేడు. ఆ పిల్లలు మైనర్లే గానీ అనాథలు కారు. కాగితం వాళ్ళని అనాథల్ని చేసింది.

ఇక వేలిముద్రలు. నివేదిక వీటిని లోపాల జాబితాలో చేర్చింది. ఆ కోపం న్యాయమైనదే. చదవలేని మనిషి ముందు అచ్చు కాగితం పెట్టి ముద్ర వేయించుకోవడం మోసం కిందే లెక్క. కానీ ఆ లెక్క వెనక మరో నమ్మకం దాక్కుని వుంది. వేలిముద్ర అంటే తెలియనితనం అని, సంతకం అంటే తెలివిడి అని. ఇది మన చదువుకున్న వర్గపు నమ్మకం. కార్పొరేట్ ఆస్పత్రిలో బిడ్డకి ఆపరేషన్ ముందు చేతికిచ్చే కాగితాల్ని డిగ్రీలున్న తల్లిదండ్రులు ఎంతమంది చదివి సంతకం పెడుతున్నారు? మరోపక్క ఏజెన్సీలో ప్రతి వానాకాలం జ్వరాల మధ్య పిల్లల్ని కాచుకునే తల్లి రోజూ నిర్ణయాలు తీసుకుంటూనే వుంటుంది. ఏ మాత్రకి పిల్ల వాంతి చేసుకుందో, ఏ జ్వరానికి ఆగొచ్చో, దేనికి రాత్రికి రాత్రి బయల్దేరాలో ఆమెకి తెలుసు. ఆమెకి లేనిది తెలివి కాదు. తనకి తెలిసిన భాషలో అడిగే మనిషి, జవాబు చెప్పే మనిషి ఆమెకి లేరు.

భాష సంగతి చిన్నది కాదు. మన ఆడవాళ్ళ నోట వుండే మాట గర్భసంచి. గర్భాశయ ముఖద్వారం పాఠ్యపుస్తకపు మాట. రెండింటికీ తేడా చెప్పకుండా క్యాన్సర్ రాకుండా సూది అంటే తల్లికి ఏం అర్థమవుతుంది? అదే కాలంలో మన పల్లెల్లో క్యాన్సర్ వస్తుందని భయపెట్టి ముప్పై ఏళ్ళన్నా నిండని ఆడవాళ్ళ గర్భసంచులు తీసేసిన ప్రైవేటు ఆస్పత్రుల చరిత్ర మనకి తెలిసిందే. ఆ భయం నిండా పేరుకున్న మాటతోనే పిల్లల దగ్గరికి వెళ్ళారు. ఈ వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుందన్న విషయం పదేళ్ళ పిల్ల తల్లితో మాట్లాడటం కష్టమే. కష్టమని దాన్ని క్యాన్సర్ అనే పెద్ద మాట కింద కప్పేస్తే తల్లి చేతికి వచ్చేది సగం సమాచారమే. వైరస్ మగవాళ్ళకీ సోకుతుంది, వాళ్ళ నుంచీ వస్తుంది. కొన్ని దేశాల్లో మగపిల్లలకీ ఈ టీకా వేస్తున్నారు. ఇక్కడ మాత్రం కథలో ఆడపిల్ల శరీరం, అమ్మ బాధ్యత తప్ప మూడో పాత్ర లేదు. పోస్టర్ మీద బిడ్డని ఎత్తుకునేది ఎప్పుడూ అమ్మే. దరఖాస్తులో మొదటి గడి మాత్రం నాన్న పేరుకి.

ఇదంతా కొత్తా? కాదు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని అది ప్రయోగమని సరిగా చెప్పకుండా ఇవ్వబోతున్నారని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఇరవై అయిదేళ్ళ తర్వాత ఖమ్మం విషయంలో కల్పనా మెహతా, రుక్మిణీరావు వంటి వాళ్ళు అదే కోర్టు మెట్లెక్కారు. పార్లమెంటరీ సంఘాల నివేదికల్ని కోర్టులు పరిశీలించవచ్చని 2018లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఆ కేసులోనే. పటాన్‌చెరులో ఆడవాళ్ళ శరీరం, ఖమ్మంలో వాళ్ళ కూతుళ్ళ శరీరం. మధ్యలో ఒక తరం పెరిగింది గానీ అడిగే పద్ధతి పెరగలేదు.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ టీకా మంచిది. మన దేశంలో ఆడవాళ్ళకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత స్థానం దీనిదే. ఆడపిల్లలకు ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అదే ఏడాది మన దేశంలో తయారైన సెర్వావ్యాక్‌కి అనుమతి వచ్చింది. కాబట్టి మంచి టీకాకి ఇన్ని ప్రశ్నలేమిటి, అడిగితే జనం వద్దంటారు అనే వాళ్ళున్నారు. ఖమ్మం అనుభవం దీనికి సరిగ్గా తిరకాసు. అడగనందువల్లే అపనమ్మకం పుట్టింది. తర్వాత ఏళ్ళ తరబడి ఈ టీకా జాతీయ కార్యక్రమం గడప తొక్కలేకపోయింది. ఆ ఏళ్ళలో పెరిగి పెద్దయిన ఆడపిల్లలెందరికో అది అందలేదు. డబ్బున్న ఇళ్ళల్లో మాత్రం వేలు పోసి వేయించుకున్నారు. తల్లిని దాటవేసినందుకు మూల్యం కట్టింది మళ్ళీ కూతుళ్ళే.

అంగీకారం అంటే ఒప్పుకోవడం ఒక్కటే కాదు. ఆగండి అనగలగడం, ఇంట్లో మాట్లాడి చెప్తాననడం, వేసిన తర్వాత పిల్లకి జ్వరమొస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలని అడగడం, అవసరమైతే వద్దనడం. వీటికి చోటు లేని కాగితం అంగీకార పత్రం కాదు, రసీదు.

ఇందులో మన పనీ వుంది. ఒకప్పుడు హైదరాబాద్ స్త్రీలు 'సవాలక్ష సందేహాలు' అన్న పుస్తకం తెచ్చారు. ఆడవాళ్ళు అడగాలనుకుని అడగలేని వాటిని వాళ్ళ మాటల్లోనే చెప్పొచ్చని అది చూపించింది. ఇప్పుడు కూతుళ్ళ వంతు. టీకా గురించి, నెలసరి గురించి, రక్తహీనత గురించి తల్లి చదువుకునేలా, చదవలేకపోతే వినేలా, తెలుగులోనూ కోయలోనూ రాసే వాళ్ళు కావాలి. రాసింది తల్లులకి వినిపించి, వాళ్ళు వేసే ప్రశ్నల్ని మళ్ళీ అందులో చేర్చాలి. అప్పుడు ఆ కాగితం మీద ముద్ర పడినా సంతకం పడినా, వెనక ఒక మనిషి వుందని నమ్మొచ్చు.