పొట్టలో గుచ్చుకున్న పటర్

మా అల్లుడు డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో పట్టని వస్తువొకటి గుడ్డలో చుట్టి విడిగా తెచ్చాడు. గోల్ఫ్ పటర్. గ్రీన్ మీదికి, అంటే గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మీదికి, చేరిన బంతిని మెల్లగా దొర్లించి గుంతలో పడేసే కర్ర అది. "రిటైరయ్యాక మీకు మంచి కాలక్షేపం మామయ్యా" అన్నాడు. దాని పొడవు 35 అంగుళాలు. నా పొడవు అయిదడుగుల నాలుగంగుళాలు. మొయినాబాద్‌లో ఒక మిత్రుడికి మామిడి తోట ఉంది. అందులో ముచ్చటపడి చిన్న గ్రీన్ వేయించుకున్నాడు. అక్కడ మొదటిసారి వంగి నిలబడితే పిడి కొస వచ్చి బొడ్డు పక్కన గుచ్చుకుంది. గుచ్చుకోకుండా మోచేతులు మడిస్తే కర్ర కింది మొన నేల వదిలి పైకి లేచింది. కొట్టాను. బంతి గుంతకు ఎడమగా పోయింది. ఇంకోటి కొట్టాను. అదీ ఎడమకే.

పటర్‌ను ఒంటికి కొలిచి అమర్చడాన్ని ఫిట్టింగ్ అంటారు. చొక్కా కుట్టించుకున్నట్టే అనుకోండి. దానివల్ల ఆట నిజంగా బాగుపడుతుందా, లేక దుకాణం వాడి లాభమేనా అన్న ప్రశ్న ఆ రోజు పట్టుకుంది. ఈ రెండేళ్లలో దీని మీద నా అభిప్రాయం రెండుసార్లు తిరగబడింది.

మొయినాబాద్‌లో గోల్ఫ్ ఏమిటని నవ్వేవాళ్లుంటారు. అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే ఇటు హిమాయత్‌సాగర్, అటు గండిపేట. ఆ రెండు చెరువుల నీళ్లు కాపాడాలని 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డం పడింది. అపార్ట్‌మెంట్లు లేచే వీల్లేని చోట ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఆట మైదానాలు లేచాయి. మర్రిచెట్ల కిందుగా చేవెళ్ల దాటి వికారాబాద్ దిక్కు పోతే వూటీ గోల్ఫ్ కౌంటీ. వెనక్కి నగరం వైపు వస్తే గోల్కొండ నయా ఖిలా గోడల మధ్య హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు, గచ్చిబౌలి రాళ్లగుట్టల్లో బౌల్డర్ హిల్స్. హైదరాబాద్ నుంచి వలస వెళ్లిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాక మా వీధిలోనూ ఒకరిద్దరు పిల్లలు గోల్ఫ్ పేరు ఎత్తుతున్నారు.

నా పటర్ కథకొస్తే, మొదటి మందు నేనే వేసుకున్నాను. పొడవెక్కువ కాబట్టే బంతి ఎడమకు పోతోందని తేల్చుకుని, రోడ్డు పక్కనున్న వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లాను. పిడికి తొడిగిన రబ్బరు ఊడదీసి, రెండంగుళాలు కోసెయ్యమన్నాను. అతను కర్రను నా పక్కన నిలబెట్టి ఒకసారి పైకీ కిందికీ చూశాడు.

"గీ కట్టె మీకు పొడుగే సారూ. పార కామైనా మనిషిని జూసే పెడ్తరు గద."

ఆ మాట నన్ను వదల్లేదు. గొడ్డలికి, పారకు కామ వేసేటప్పుడు పట్టుకోబోయే మనిషి ఎదురుగా ఉండాల్సిందే. నాగలి సంగతి మరీనూ. దున్నేవాడు నడుం వంగిపోకుండా, చేతులు గాల్లో తేలకుండా మేడి ఎత్తు సరిపోవాలి. ఏడికోలను కాడికి కట్టే చోటు కాస్త జరిపితే కర్రు దిగే లోతు మారిపోతుంది. ఈ సర్దుబాటంతా వడ్రంగి కంటి కొలతతో, ఒక మేకుతో, ఒక తాడుతో జరిగిపోయేది. గోల్ఫ్ వాళ్లు దీన్నే లెంగ్త్ అనీ లై అనీ లాఫ్ట్ అనీ కొత్త పేర్లతో మనకు అమ్ముతున్నారని తోచింది. సగం నిజమే. ఎందుకు సగమో తర్వాత తెలిసింది.

కోయించుకొచ్చిన పటర్ పొట్టలో గుచ్చుకోవడం మానేసింది. బంతి మాత్రం ఎడమకు పోవడం మానలేదు. పైపెచ్చు గుంత దాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోవడం మొదలెట్టింది. కర్ర పొట్టిదైతే కింద తల బరువు చేతికి తక్కువగా తెలుస్తుంది. పటర్ తల మామూలుగా 340, 350 గ్రాములుంటుంది. అది తూకపు రాయిలా తనంతట తాను ఊగాలి. నా చేతిలో అది చీపురుపుల్లలా ఊగుతోంది. కోసినందుకు పరిహారంగా తలకు సీసపు పట్టీ అంటించాలన్న సంగతి కోయించే ముందు నాకెవరు చెప్తారు! ఫిట్టింగంతా వట్టి బూటకమని నెల రోజులు అందరికీ చెప్పి తిరిగాను.

మిత్రుడు పోరు పెడితే చివరికి నగరంలో ఒక ఫిట్టింగ్ గదికి వెళ్లాను. అక్కడి కుర్రాడు నా చేత బంతి కొట్టించకుండా ముందు ఒక తమాషా చేశాడు. పటర్ ముఖానికి రూపాయి బిళ్లంత అద్దం అంటించాడు. ఎనిమిదడుగుల దూరంలో గుంతకు బదులు ఒక అట్ట, దాని నడుమ లేజర్ దీపం. బంతి పెట్టి గురి చూసుకోమన్నాడు. "కుదిరింది" అన్నాక కదలొద్దని చెప్పి బంతి తీసేశాడు. లేజర్ వెళ్లి అద్దానికి తగిలి తిరిగొచ్చి అట్ట మీద ఎర్రచుక్కగా పడింది. నేను సూటిగా నడిమధ్యకు చూస్తున్నాననుకున్నాను. చుక్క జానెడు ఎడమకు ఉంది. "అద్దం కాబట్టి తప్పు రెట్టింపుగా కనిపిస్తుంది అంకుల్, అంత దిగులు పడకండి" అన్నాడు. సగానికి సగం తగ్గించుకున్నా సిగ్గుగానే ఉంది. నేను కొట్టడంలో తప్పు చేస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. కొట్టకముందే తప్పు జరిగిపోతోంది.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు బాలాజీకి మొక్కు తీరితే చేసే ప్రదక్షిణలూ 108. కాకతాళీయమేగానీ, పట్ (పటర్‌తో కొట్టే దెబ్బ) వేసే ముందు నాకా సంఖ్య గుర్తొస్తూనే ఉంటుంది. పదడుగుల దూరం నుంచి పటర్ ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి, బంతి ఆ దారినే పోతే, గుంత దగ్గరికి వచ్చేసరికి రెండంగుళాల చిల్లర తప్పుతుంది. గుంత నడిమి నుంచి అంచుకున్న దూరమూ రెండంగుళాల చిల్లరే. గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషానికి ఆరు డిగ్రీలు తిరుగుతుంది. అందులో ఆరో వంతు తేడా వస్తే బంతి అంచు మీద వేలాడుతుందన్నమాట.

మరి మొన పైకి లేచిన దోషం ఎంత? దీన్నే లై కోణం అంటారు. కర్ర నేలతో చేసే కోణం సాధారణంగా 70 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నిటారుకు కనీసం 10 డిగ్రీలైనా వాలి ఉండాలని ఆట నియమం. కుడిచేతి వాటం వాళ్లకు మొన లేస్తే ముఖం కొద్దిగా ఎడమకు చూస్తుంది. ఎంత కొద్దిగా అంటే, నాలుగు డిగ్రీల లాఫ్ట్ (ముఖం వాలు) ఉన్న పటర్‌లో లై నాలుగు డిగ్రీలు తప్పినా పదడుగుల దగ్గర తేడా అర అంగుళం పైచిలుకు, అంతే. వెల్డింగ్ షాపులో నేను పోరాడింది ఈ అర అంగుళంతో. అసలు దొంగ కంట్లో ఉన్నాడు.

కుర్రాడు ఒకదాని తర్వాత ఒకటి తలలు మార్చాడు. సన్నటి బ్లేడు పెడితే చుక్క ఎడమకు. పైన పొడుగాటి గీత ఉన్నదైతే ఇంకా ఎడమకు. వెనక వెడల్పుగా పలకలా ఉండి, గీత బదులు చిన్న చుక్క మాత్రమే ఉన్నది పెడితే లేజర్ దాదాపు తన మీదికే తిరిగొచ్చింది. అయిదుసార్లు పెట్టించాడు, నాలుగుసార్లు అదే. ఎందుకని అడిగితే "మీ కన్ను అలా చదువుతోంది" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. కారణం తెలిసినట్టు నటించలేదు.

తర్వాత కర్రను చూపుడువేలి మీద అడ్డంగా ఆనించి తూచాడు. కొన్ని పటర్ల ముఖం ఆకాశం వైపు తిరిగి నిలుస్తుంది, కొన్నిటి మొన నేలకు వాలుతుంది. చేతులు సూటిగా వెనక్కీ ముందుకీ పోయేవాళ్లకు మొదటి రకమనీ, తలుపు రెక్కలా కొంచెం వంపు తిరిగేవాళ్లకు రెండో రకమనీ ఈ వృత్తిలో వాడుక. నేను దీన్ని వేదవాక్కుగా తీసుకోను. రెండు రకాలతోనూ గెలిచినవాళ్లున్నారు. లాఫ్ట్ సంగతి మాత్రం మన దగ్గర పట్టించుకోవాలి. ఆగిన బంతి బరువుకు గడ్డిలో కొంచెం కుంగి కూర్చుంటుంది. ముఖానికి మూడు నాలుగు డిగ్రీల వాలు ఉంటే అది బంతిని ఆ కుంగు నుంచి లేపి దొర్లిస్తుంది. చేతులు బంతికంటే ముందుకు తోసి కొట్టేవాళ్లు ఆ వాలును చేజేతులా చంపుకుంటారు, బంతి నేలకు ఒత్తుకుని ఎగురుతుంది. ఫిట్టింగ్ గదిలో పరిచింది తివాచీ. మన ఎండలకు తట్టుకునే గ్రీన్లలో ఎక్కువగా ఉండేది బెర్ముడా జాతి గడ్డి, దాని పోచలు ఒక వైపుకు వాలి పెరుగుతాయి. తివాచీ మీద తీసిన కొలతను తోటలో మళ్లీ సరిచూసుకోకపోతే డబ్బు దండగ.

పటర్ తలకు మొనలోనూ మడమలోనూ బరువు పెట్టడం ఇప్పుడు అందరూ చేసేదే. దాన్ని ప్రపంచానికి నేర్పింది జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్. తనకే పటింగ్ కుదరక 1959లో సొంతంగా ఒకటి చేసుకున్నాడు. బంతి తగిలితే 'పింగ్' మని మోగేది, అదే కంపెనీ పేరయింది. బరువు రెండు చివరలకు పోవడం వల్ల బంతి నడిమిన తగలకపోయినా తల అంతగా మెలితిరగదు. మన సాహిత్ తీగల ఆడేదీ ఆ పింగ్ కర్రలతోనే.

గది నుంచి బయటికొచ్చేసరికి నా పాత పటర్‌ను అటకెక్కించి, పలక తల ఉన్నదాన్ని 33 అంగుళాలకు పెట్టించుకున్నాను. లై రెండు డిగ్రీలు పడుకోబెట్టారు. తలకు బరువు కలిపారు. మామిడి తోటలో నాలుగడుగులు, అయిదడుగుల పట్లు పడటం మొదలయ్యాయి. ఇక అభిప్రాయం రెండోసారి తిరగబడింది. నెలకొకసారి ప్రతివాడూ ఫిట్టింగ్ చేయించుకోవాలన్నంత మతం పుచ్చుకున్నాను.

ఆ మతం ఒక పెద్ద కోర్సు మీద, ముప్ఫై అడుగుల పట్ దగ్గర వదిలింది. మొదటిది అయిదడుగులు ముందే ఆగింది. రెండోది తప్పింది. మూడోది పడింది. అలాంటివి ఆ రోజు ఆరు.

మళ్లీ లెక్కే చెబుతుంది. ముప్ఫై అడుగుల దూరంలో దిశ ఒక డిగ్రీ తప్పితే పక్కకు పోయేది ఆరంగుళాలు. దూరం పది శాతం తప్పితే మూడడుగులు. దిశకు కర్ర సాయం చేస్తుంది. దూరం చేతి చలవ, గ్రీన్‌ను చదివిన కంటి చలవ. 2008లో కార్ల్‌సెన్, స్మిత్, నిల్సన్ అనే పరిశోధకులు మేటి ఆటగాళ్లను కొలిచి చూశారు. బంతి బయల్దేరే దిశలో ముఖం కోణం వాటా 80 శాతం, తల కదిలే దారి వాటా 17 శాతం, ఎక్కడ తగిలిందన్నదాని వాటా 3 శాతం. ఇంత తేల్చాక, ఆ స్థాయి వాళ్లకు దిశ నిలకడలో స్ట్రోక్ (కర్ర ఊపు) పాత్ర స్వల్పమేనన్నారు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లెక్కల ప్రకారం అమెరికా టూర్ ప్రొఫెషనల్స్ కూడా ఎనిమిదడుగుల నుంచి వేసేది సుమారు సగమే. ఆ సంగతి తెలిశాక నా మీద నాకు కొంత జాలి, కొంత క్షమ కలిగాయి.

2025 యూఎస్ ఓపెన్‌లో జె.జె. స్పాన్ ఓక్‌మాంట్ ఆఖరి గ్రీన్ మీద 64 అడుగుల పట్ వేసి గెలిచినప్పుడు అతని చేతిలోని పెద్ద తల పటర్ గురించి చాలామంది మాట్లాడారు. అతనికంటే ముందు విక్టర్ హోవ్‌ల్యాండ్ దాదాపు అదే వాలు మీద పట్ వేశాడు, బంతి ఎలా పోతోందో స్పాన్ నిలబడి చూశాడు. నేనైతే ఆ చూపునే చెప్పుకుంటాను. ఇంకో వైపు పాతతరం ఆటగాడు బెన్ క్రెన్‌షా ఉన్నాడు. చిన్నప్పుడు తండ్రి 20 డాలర్లకు కొనిచ్చిన పటర్‌తో పేరు తెచ్చుకున్నాడు. 1984లో, 1995లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. 1987 రైడర్ కప్‌లో కోపం పట్టలేక చేతిలోని పటర్‌ను విరగ్గొట్టుకున్నాడు. మిగతా గ్రీన్లన్నీ ఒక ఐరన్ కర్రతోనూ, శాండ్ వెడ్జ్ అంచుతోనూ దొర్లించి చివరి దాకా పోరాడి ఒక్క హోల్ తేడాతో ఓడాడు. ఆ చేతికి ఏ కర్రయినా చాలావరకు సరిపోయేదన్నమాట.

మాలాంటి చేతులకు అలా సరిపోదు. కాబట్టి నన్నడిగేవాళ్లకు చెప్పేది ఇది. పొడవు, లై, గురి, ఈ మూడూ ఒకసారి చూపించుకోండి. అది గంట పని. అప్పటికే మీ చేతికంటూ ఒక ఊపు కుదిరి ఉండాలి. రోజుకో రకంగా కొట్టేవాళ్లకు తీసిన కొలత మర్నాటికి పనికిరాదు. పాత కర్రనే వంచి, తగ్గించి, బరువు కలిపి ఇస్తామనే చోటికి వెళ్లండి. కొత్తది కొంటేనే కొలుస్తామన్న చోట కుర్చీలో కూడా కూర్చోకండి. అక్కడ మిగిలే డబ్బుతో ముప్ఫై అడుగుల పట్లు ప్రాక్టీసు చేసుకోవడానికి గ్రీన్ దొరికే చోటు వెతుక్కోండి. ఈ ఆఖరిదే నేను ఇప్పటికీ సరిగా చెయ్యనిది.

సంక్రాంతికి అల్లుడు మళ్లీ వస్తున్నాడు. మొయినాబాద్ తోటలో ఆడదామన్నాడు. తన పటర్ తానే తెచ్చుకొమ్మని చెప్పాను. ఆరడుగుల మనిషి, నాది పట్టుకుంటే వరి నాటేవాడిలా వంగాల్సి వస్తుంది. అటక మీది పాతదిద్దామా అంటే, అది రెండంగుళాలు పోగొట్టుకుంది.